సరుకు అన్నచోట

అటక మీద ఎన్ని కిలోలున్నాయో ముందది చెప్పు,
అన్నాడు ఓనరు మాలకొండయ్య,
శ్లాబులో పడ్డ వెంట్రుకంత చీలికను
నిచ్చెనెక్కి వేలితో తడుముతూ.

రోజుకు నూటపాతిక లారీలు తూచేవాణ్ణి.
నా కాటా దాటకుండా చీమకుర్తి నుంచి
ఒక్క నల్లదిమ్మె ఊరు విడవదు.
నా ఇంట్లో ఉన్నదెంతో నాకు తెలియలేదు.

మొదలుపెట్టింది నేను కాదు, చెంచయ్య.
చిల్లర లేదని, ముప్పై రూపాయలకు బదులు
గూడూరు అభ్రకం ముక్కొకటి కిటికీలో పెట్టి పోయాడు.
గోటితో లేపితే ఉల్లిపొరలా వచ్చేసింది,
కన్నీళ్లు లేకుండా.
ఆ రాత్రి బల్బుకు అడ్డం పెట్టి చూశాను.
అంతే, రోగం అంటుకుంది.

తర్వాత డ్రైవర్లందరికీ తెలిసిపోయింది.
కృష్ణపట్నం పోయినవాడు, కడప పోయినవాడు,
కిషన్‌గఢ్ దాకా పోయి పదకొండో రోజుకు తిరిగొచ్చినవాడు
కిటికీలో చెయ్యి పెడితే
చీటీ కోసమో, రాయి ఇవ్వడానికో
పిడికిలి విప్పేదాకా తెలిసేది కాదు.

చిన్నవాటిని కోడిగుడ్ల అట్టల్లో సర్దాను.
అట్టలు చాల్లేదు.
కొత్తపట్నం రొయ్యల థర్మాకోలు పెట్టెలు తెచ్చాను.
మూడుసార్లు సర్ఫేసి కడిగినా
సైదాపురం తెల్లపలుగు ఇప్పటికీ సముద్రం వాసనేస్తుంది.
గుండ్లకమ్మ గులకరాళ్లు మాత్రం ఏ పెట్టెలో పోసినా
ఒక మూలకు దొర్లి కూర్చుంటాయి,
ఏరు మళ్లీ వస్తుందని కాచుకున్నట్టు.

రంగును బట్టి పెట్టమంటుంది మస్తానమ్మ.
ఊరును బట్టి అంటాను నేను.
ఏడో తరగతి గౌసియా ఓ ఆదివారం
కాంపస్ ముల్లుతో ప్రతి రాయినీ గీకి
గీత పడేవి ఈ పక్క, పడనివి ఆ పక్క పెట్టింది.
ముగ్గురి పద్ధతీ సగం సగం నడిచి
బియ్యం డ్రమ్ము వెనకాల ఆగిపోయింది.
ఎక్కడ ఏముందో ఎవరికీ తెలియదు,
కాలికి తగిలితే తప్ప.

సరే, తూస్తే పోలా.
ట్రాలీ ఆటోకు ఎక్కించాం.
మార్కాపురం పలకలు నిలబెట్టాం, మధ్యన పాత దుప్పటి.
అభ్రకం ఒళ్లో పెట్టుకుని మస్తానమ్మ వెనకాల కూర్చుంది.
సాయంత్రం ఆరున్నరకు
పద్నాలుగు చక్రాల బళ్ల మధ్య మా ఆటో
ఒంగోలు ఎద్దుల పందేనికి తోలుకొచ్చిన మేకపిల్ల.

వెనక లారీ ఏడుకొండలు హారను కొట్టలేదు.
ఇంజను ఆపి దిగొచ్చి
"ఇది నేనిచ్చిందే గదన్నా" అని ఒకదాన్ని ఎత్తాడు.
అంకె మారలేదు.
పది కిలోల లోపు ఏదీ మా కాటా కంటికి ఆనదు.
ఇన్నేళ్లూ కిటికీలోంచి వచ్చిన ప్రతి రాయీ
దాని లెక్కలో సున్నా.
సున్నాలన్నీ కలిసి, ఆటో బరువు పోను,
నాలుగు వందల అరవై.

"నన్నూ కలిపావు," అంది మస్తానమ్మ.
నీదెంత?
"చెప్పను. పదులు పదులుగా తీసేసుకో,
ఎక్కడ ఆపాలో నేను చెప్తా."

చీటీ అచ్చు కొట్టాలి.
పార్టీ: నా పేరు. బండి నంబరు: ఆటోది.
సరుకు అన్నచోట కర్సరు మినుకుతూ నిలబడింది.
పదిహేడేళ్లు గ్రానైటని కొట్టిన వేళ్లు
మొదటి అక్షరం మీదే ఆగాయి.
ఖాళీగా వదిలితే మిషను ఒప్పుకోదు.
"ఒక స్పేస్ కొట్టు నాయనా" అంది గౌసియా,
"దానికి అదీ అక్షరమే."
కొట్టాను. ఒప్పుకుంది.

మాలకొండయ్య చీటీని రెండువైపులా తిప్పి చూసి
సరుకు ఏమీ లేదే, అన్నాడు.
నవ్వాడో లేదో చీకట్లో కనపడలేదు.
మెట్ల కింద ఉన్న తన తుప్పు సైకిలు తీసి
గోడకు ఆనించాడు.
నేలైతే మోస్తుందిలే.

అక్కడ నడుం వంచితే గాని చెయ్యి అందదు.
ఊరి ప్రకారమే పెడుతున్నాను. మార్కాపురం దాకా అయింది.

నిన్న కిటికీలో చెంచయ్య చెయ్యి.
కాటా ఛార్జీ ఇప్పుడు నూట యాభై.
చిల్లర ఉందా చెంచయ్యా, అన్నాను.
ఉందన్నాడు.
పిడికిలి మాత్రం విప్పలేదు.